మేనమామ స్వెటరు ఊలు

“...ఆ టోపీ అల్లింది గొర్రె వీపు మీద పెరిగిన ఉన్నితోనే అయితే, నిప్పురవ్వ పడగానే నా కొడుకు చెంపకి మైనంలా ఎందుకు అంటుకుందే? ముందు అది చెప్పు!”

“నాకేం తెలుసు? నాకిచ్చిన ఉండలే అల్లాను. మార్చడానికి నా ఇంట్లో ఊలు పండుతోందా?”

“పండదు కాబట్టే మార్చావంటున్నా. మంచి ఉన్ని ఎవరికో అమ్ముకుని, సంతలో దొరికే ప్లాస్టిక్ ఊలుతో అల్లి పడేశావు. మా అన్న పోయాడు, ఇక అడిగే దిక్కులేదు అనుకున్నావు!”

“నోరుంది కదా అని పారేసుకోకు, సెలోవానే పిన్నీ. నాకూ ఉంది నోరు.”

చర్చి వెనకున్న అల్లికల గది కిటికీ కింద మాన్యకాలో అనే పెద్దావిడ ఆగిపోయింది. వెనక్కి వెళ్ళిపోదామనుకుంది. కానీ లోపల ఎవరో ఆమె కప్పుకున్న దుప్పటి అంచు చూసినట్టున్నారు, “పెద్దమ్మ వచ్చింది” అన్నారు. ఇక తలుపు తీయక తప్పలేదు.

గదిలో పదిమంది దాకా ఆడవాళ్ళు సూదులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మధ్యలో నిలబడి ఉంది సెలోవానే, మాన్యకాలో ఆడపడుచు. ఆమె ఎదురుగా గోడకి ఆనుకుని లినేయో. మొగుడింటి నుంచి బిడ్డనెత్తుకుని తిరిగొచ్చి రెండేళ్ళయింది ఆ పిల్లకి. గొర్రెల్లేవు, పొలం లేదు. ఉన్నవల్లా రెండు చేతులే.

“రా వదినా, సమయానికొచ్చావు,” అంది సెలోవానే. “నువ్వు దీని చేతికిచ్చింది ఉన్నేనా, కాదా? నలుగురి ముందూ చెప్పు.”

మాన్యకాలో దుప్పటికి పెట్టిన పిన్ను సర్దుకుంది. “ముందు సెకాకే ఎలా ఉన్నాడో చెప్పు,” అంది.

“ఎలా ఉంటాడు? చెంప తోలు ఊడింది. చెవి ఉంటుందో ఊడుతుందో డాక్టరే చెప్పలేకపోతున్నాడు.” సెలోవానే ఏడుపు ఆపుకుంటూ విసురుగా బయటికెళ్ళింది. వెళ్తూ గుమ్మంలో ఆగి, “శనివారం పంచాయితీ పెట్టమని మొరేనాకి చెప్పేశాను. దొంగ సంగతి అక్కడే తేలుతుంది,” అంది.

మొరేనా అంటే ఊరి పెద్ద. ఆయన ముందుకి వెళ్ళిన మాట ఇక వెనక్కి రాదు.

లినేయో మాన్యకాలో వైపే చూస్తోంది. మాన్యకాలో తన చోటికెళ్ళి కూర్చుని, బుట్టలోంచి అల్లిక తీసింది. ఎన్ని కుట్లు అయ్యాయో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. రెండుసార్లు తప్పింది.

*

మాన్యకాలోకి యాభై ఎనిమిదేళ్ళు. ఆమె ఊరు హా లెకేనాలోనూ, చుట్టూ ఉన్న నాలుగు కొండల మీదా ఎవరి చేతికి ఊలొచ్చినా, సూదులు తీసేముందు ఆమెకి చూపించడం ఆనవాయితీ. ఆమెకన్నా చక్కగా అల్లేవాళ్ళు ఆ గదిలోనే ఉన్నారు. లినేయో వాళ్ళలో మొదటిది. కానీ ఏ ఊలు ఏం కావాలో చెప్పగలిగేది ఆమె ఒక్కతే.

అది ఆమెకి నానమ్మ నుంచి వచ్చింది. నానమ్మకి గొర్రెలు లేవు. మందలు పోయాక ముళ్ళపొదలకి చిక్కుకున్న ఉన్ని ఏరుకొచ్చి కదురు మీద వడికేది. పిల్లని కళ్ళు మూసుకోమని, అరచేతిలో చిన్న పింజ పెట్టి, “మెడదా, తొడదా?” అని అడిగేది. మెడ దగ్గరి ఉన్ని మెత్తన, పసిపిల్లల టోపీలకి. తొడ దగ్గరిది ముతక, దుప్పట్లకి, జీను కింద వేసే గుడ్డలకి. తప్పు చెబితే నెత్తి మీద మొట్టికాయ. ఎనిమిదేళ్ళు వచ్చేసరికి మొట్టికాయలు ఆగిపోయాయి.

ఊలు తెచ్చినవాళ్ళని మాన్యకాలో మూడు ప్రశ్నలు అడిగేది. ఎవరు వేసుకుంటారు? ఎక్కడ కూర్చుంటారు? ఎవరు ఉతుకుతారు? జవాబులు వింటూ పోగు తీసి పై పెదవి మీద రాసుకునేది. ఒకసారి బడిపంతులు పెళ్ళాం పొడుగు జుట్టు మేకల ఊలు తెచ్చి, మొగుడికి సాక్సు అల్లుతానంది.

“మేక ఊలుతో సాక్సా? అది సాగితే మళ్ళీ ముడుచుకోదమ్మా. పొద్దున మోకాలి కింద ఉంటుంది, మధ్యాహ్నానికి బూటులో ఉంటుంది. పంతులు పాఠం చెబుతాడా, సాక్సు లాక్కుంటాడా? భుజాల మీద కప్పుకునేది అల్లుకో. నీ మెడకి బాగుంటుంది,” అంది మాన్యకాలో.

ప్లాస్టిక్ ఊలంటే ఆమెకి చిన్నచూపు ఏమీ లేదు. బడి స్వెటర్లకి అదే మంచిదనేది. ఏటి రాళ్ళ మీద బాదినా చావదు, పిల్లాడు బురదలో దొర్లినా రంగు పోదు. గొర్రెల కాపరుల టోపీలకి మాత్రం జిడ్డు పోకుండా వడికిన ముతక ఉన్నే కావాలి. వాన దాని మీంచి జారిపోతుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి నిప్పు. కొండ మీద మొతేబోలో, మందలు మేసే చోట, కాపరులు నడుం వంచితే గాని దూరలేని రాతి గుడిసెలో మంట చుట్టూ పడుకుంటారు. పొద కొమ్మలు చిటపటమంటూ నిప్పురవ్వలు ఎగరేస్తాయి. ఉన్ని మీద రవ్వ పడితే కమిలి ఆరిపోతుంది. ప్లాస్టిక్ కరుగుతుంది.

అందుకని మొతేబోకి వెళ్ళే ప్రతి ఊలూ ఆమె దగ్గర అగ్గిపుల్ల దాటి వెళ్ళాల్సిందే. చిన్న ముక్క తెంపి వెలిగించేది. వెంట్రుక కాలిన కమురు వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడైతే ఉన్ని. కరిగి నల్లపూసలా గట్టిపడితే ప్లాస్టిక్. ముప్పై ఏళ్ళలో ఆమె అగ్గిపుల్ల గీయకుండా మొతేబోకి పంపిన ఊలు ఒకే ఒకటి.

*

ఆ ఊలు ఆమె మొగుడు మొఖేలే స్వెటరుది.

ముప్పై ఒక్క ఏళ్ళ కింద, సరిహద్దు అవతల వెల్కంలో బంగారు గనిలో పనిచేస్తున్న మొఖేలే క్రిస్మస్‌కి ఇంటికొస్తూ ఆ స్వెటరు వేసుకొచ్చాడు. గోధుమ రంగు, గుండెల మీద జడలాంటి అల్లిక. “పట్టుకు చూడు. అసలు సిసలు గొర్రె ఉన్ని. పట్నంలో పెద్ద షాపులో కొన్నా,” అన్నాడు. ఆమె పట్టుకుంది. బాగుంది అంది. కొత్త సంవత్సరం వెళ్ళాక మొదటిసారి ఏటికి తీసుకెళ్ళి ఉతికింది. ఉన్ని నీళ్ళు తాగితే చంటిపిల్లలా బరువెక్కుతుంది, ఆరడానికి రెండు రోజులు పడుతుంది. ఆ స్వెటరు పొద్దున ఉతికితే మధ్యాహ్నానికి రాతి మీద పొడిపొడిగా ఉంది.

ఆమె స్వెటరు తీసుకుని ఇంటికొచ్చేసరికి మొఖేలే గోడ దగ్గర స్నేహితులతో ఉన్నాడు. ఉన్ని గురించే చెబుతున్నాడు. ఏడాదికి మూడు వారాలు కనిపించే మనిషి. ఆమె స్వెటరుని ఇంటి వెనక తీగ మీద వేసి, మూడో రోజు దాకా లోపలికి తేలేదు. ఆ తర్వాత ఎప్పుడు ఉతికినా అంతే చేసింది. మూడో రోజు తెచ్చేది. ఎవరూ ఏమీ అడగలేదు.

గని దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, పోయిన ఏడు మొఖేలే చనిపోయాడు. ఆమె నల్లగుడ్డ కట్టుకుంది. గడువు తీరాక బంధువులంతా కూడి నల్లగుడ్డ విప్పించి, పోయినవాడి బట్టలు పంచారు. మేనమామ బట్టల్లో మేనల్లుడికి వాటా ఉంటుంది. స్వెటరు సెకాకేకి వచ్చింది. ముప్పై ఏళ్ళ మనిషి, ఎద్దులాంటి భుజాలు. తల దూరింది గాని చేతులు దూరలేదు. అందరూ నవ్వారు.

“విప్పేసి వీడికి మొతేబోకి మంకీ క్యాప్ అల్లించు వదినా,” అంది సెలోవానే. “మేనమామ ఉన్ని తలకి కాపలా కాస్తుంది.”

“వదినా, అగ్గిపుల్ల గీయవా మరి?” అన్నాడు మొఖేలే పినతండ్రి కొడుకు, వేళాకోళంగా.

సెలోవానే అతని మీదికి లేచింది. “చచ్చినవాడి బట్టకి నిప్పు చూపిస్తార్రా? నీకు బుద్ధుందా? మా అన్న ఉన్ని గురించి పరీక్షలేమిటి?”

పెద్దవాళ్ళు కూడా అవునన్నారు. పోయినవాడి బట్ట కాల్చడం వాడిని రెండోసారి చంపడమే. అందరూ మాన్యకాలో వైపు చూశారు. ఆమె మోచేతి దగ్గర చిరిగిన చోటు నుంచి పోగు లాగి, అలవాటుగా పై పెదవి మీద రాసుకుంది. “సరే, అల్లచ్చు,” అంది.

ఇంట్లో కూర్చుని స్వెటరంతా తనే విప్పింది. విప్పుతున్నంతసేపూ తనకి తను నచ్చజెప్పుకుంటూనే ఉంది. సెకాకే జాగ్రత్తపరుడు, మంటకి దూరంగానే పడుకుంటాడు, ఒక్క టోపీయే కదా. మెడ పట్టీ మాత్రం విప్పలేదు. అది తలగడ కింద పెట్టుకుంది. మిగతాదంతా ఉండలు చుట్టి, కళ్ళు మంటగా ఉన్నాయని చెప్పి లినేయోకి ఇచ్చింది. కళ్ళకి ఏమీ కాలేదు. ఆ టోపీ తన చేతులతో అల్లడం ఆమెకి ఇష్టం లేకపోయింది.

*

ఆ సాయంత్రం పిడకల పొయ్యి ముందు మాన్యకాలో మొక్కజొన్న ముద్ద కలుపుతుంటే లినేయో వచ్చింది. బిడ్డని వీపున దుప్పట్లో కట్టుకుని ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. జేబులోంచి నిమ్మకాయంత ఊలు ఉండ తీసి మాన్యకాలో ముందు పెట్టింది.

“క్యాప్ అల్లగా మిగిలింది. చూడండి పెద్దమ్మా. మీరిచ్చింది ఇదే కదా? నేను మార్చలేదని మీకు తెలుసు కదా?”

మాన్యకాలో ఉండని పట్టుకుంది. కిందపెట్టింది. తర్వాత ఆమె అడిగిన ప్రశ్న చాలాకాలం ఆమెనే పట్టి పీడించింది.

“అల్లుతున్నప్పుడు నీకేమీ అనిపించలేదా?”

“అనిపించింది. సూది మీద కిర్రుకిర్రుమంది. ఉన్ని అలా అరవదు. కానీ మీరు సరేనన్న ఊలు. మీరు సరేనన్నాక ఈ ఊళ్ళో ఇంకెవరైనా అడుగుతారా? అందులోనూ నేనా?”

పొయ్యి మీద ముద్ద అడుగంటుతోంది. మాన్యకాలో గరిటె తిప్పింది.

“నా ఇల్లు వెతికారు,” అంది లినేయో. “మన గుంపు పులానే అక్కా, ఇంకో ఇద్దరూ. పరుపు కోసి చూశారు. గోధుమ రంగు ఊలు ఎక్కడ దాచావని. నా బిడ్డ గౌను అంచు కూడా తిప్పి చూశారు. శనివారం వస్తారుగా పెద్దమ్మా?”

“వస్తా.”

“వచ్చి చెబుతారుగా?”

“వస్తానన్నాను కదే.”

లినేయో ఉండని తీసుకోలేదు, అక్కడే వదిలి వెళ్ళింది. మాన్యకాలో ముద్ద దించి, గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. చెప్పాలి, అంతే. రెండు మాటలు. కానీ ఆ రెండు మాటలు చెబితే మొఖేలే ఊరందరి ముందూ మోసపోయిన పల్లెటూరి వాడవుతాడు. చెప్పుకోవడానికి ఆ మనిషికి మిగిలింది గనీ, దగ్గూ, ఆ స్వెటరూ. తన సంగతి తర్వాత. తన సంగతి కూడా ఉంది. దానికి ఆమె ఎంత దూరంగా జరిగినా అది పక్కనే ఉంది.

*

గురువారం పొద్దున బస్సుకి పట్నం ఆసుపత్రికి వెళ్ళింది. సీసాలో పులిసిన జొన్న జావ పట్టుకెళ్ళింది. సెకాకే కుడి చెంపా, చెవీ తెల్లటి కట్లలో ఉన్నాయి. ఆమెని చూడగానే ఉన్న సగం మొహంతో నవ్వాడు.

“అత్తా, ఇక నా పెళ్ళి ఫోటోలన్నీ ఎడమవైపు నుంచే తీయాలి. అమ్మాయిని కూడా ఆ వైపే నిలబెట్టాలి.”

“నిన్ను చేసుకునే పిల్లకి రెండు వైపులా కళ్ళు ఉండవులే,” అంది ఆమె.

జావ చెంచాతో తాగించింది. మింగేటప్పుడల్లా అతని కనుబొమ్మ ముడిపడుతోంది.

“బాగా నొప్పెట్టిందా?”

“అంటుకున్నప్పుడు కాదు. పీకినప్పుడు. తోలుతో కలిసి వచ్చింది.” చెంచా పక్కకి జరిపి అన్నాడు, “అమ్మ లినేయో మీద పడిందట కదా. తిట్టొద్దని చెప్పు. పాపం, పిల్లకి తిండి ఉండదు. కాస్త ఊలు దాచుకుని ఉంటుంది. ముందువైపు మాత్రం మామయ్య ఉన్నే అత్తా. అందుకే కన్ను పోలేదు. చెవి దగ్గరే ఏదో కలిపింది. మామయ్య ఉన్ని లేకపోతే ఈపాటికి తలంతా పోయేది.”

మాన్యకాలో చెంచా సీసాలో పెట్టింది. అతని గడ్డం మీద కారిన జావ తుడిచింది. తుడుస్తూ, “ఇంకొంచెం తాగు,” అంది. తిరుగు బస్సులో పక్కనామె ఊలు సంచి తెరిచి, “ఇది కోడలికి శాలువా అవుతుందా అమ్మా?” అని అడిగింది. మాన్యకాలో చేయి చాపలేదు. “నాకు తెలీదు,” అంది. ఆ మాట ఆమె ఊలు గురించి అనడం అదే మొదటిసారి.

*

శనివారం మొరేనా పశువుల దొడ్డి గోడ పక్కన అందరూ కూడారు. చలిగా ఉంది, కొండ నీడన మంచు ఇంకా కరగలేదు. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు, దుప్పట్లు చెవుల దాకా లాక్కుని కూర్చున్నారు. మొరేనా ముసలాయన, కుర్చీలో ఉన్నాడు.

సెలోవానే చెప్పింది. లినేయో చెప్పింది. అల్లికల గుంపు లెక్కా పత్రం చూసే పులానే లేచి, గుంపు పేరు చెడకూడదు కాబట్టి లినేయో పేరు తీసేస్తున్నామనీ, గుంపు ఇచ్చిన సూదులు ఇక్కడే అప్పగించాలనీ చెప్పింది. లినేయో సూదుల మూట ముందే తెచ్చుకుంది. దాన్ని మొరేనా కాళ్ళ దగ్గర పెట్టి, వెనక్కి జరిగి నిలబడింది.

“మాన్యకాలో,” అన్నాడు మొరేనా. “ఊలు నీ చేతుల మీదుగా వెళ్ళింది. అది ఉన్నేనా?”

మాన్యకాలో లేచింది.

“కాదు,” అంది.

ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు.

“లినేయో ఏమీ మార్చలేదు. స్వెటరే ఉన్నిది కాదు. మొదటి నుంచీ కాదు. కొన్న నెల లోపలే నాకు తెలుసు. మొతేబోకి పనికిరాదని తెలిసే సరేనన్నాను.”

“వదినా!” సెలోవానే ముందుకొచ్చింది. “ఈ పిల్లని కాపాడ్డానికి మా అన్నని అబద్ధాలకోరుని చేస్తావా? ఊరంతా ముట్టుకు చూసిన స్వెటరది!”

“మీ అన్న అబద్ధమాడలేదు. ఆయనకి ఎవరో అబద్ధం అమ్మారు. తెలిసీ నోరు మూసుకున్నది నేను.”

“రుజువేమిటి? నువ్వు చెప్పావని నమ్మాలా?”

మాన్యకాలో దుప్పటి లోపలి నుంచి మెడ పట్టీ తీసింది. గోధుమ రంగు, మడత దగ్గర మెరుపెక్కి ఉంది. “ఇది లినేయో ఎన్నడూ చూడలేదు. నా తలగడ కింద ఉంది. దీనికి నిప్పు పెడతాను.”

గుంపులో కలకలం రేగింది. ఎవరో ముసలాయన వద్దన్నాడు. సెలోవానే ఆమె చెయ్యి పట్టుకుంది. “మా అన్నదది. నా కళ్ళ ముందు కాలుస్తావా?” అంది, ఈసారి అరవకుండా.

“వదులు తల్లీ,” అంది మాన్యకాలో. “ఎవరో ఒకరు కాల్చాలి. నీ చేత చేయించలేను.”

సెలోవానే చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత జారింది. గాలికి రెండు పుల్లలు ఆరిపోయాయి. మూడోదానికి పట్టీ అంచు అంటుకుంది. కమురు వాసన రాలేదు. అంచు ముడుచుకుని, బుడగలుగా పొంగి, చుక్కగా జారి రాతి మీద పడింది. మొరేనా వంగి, చల్లారేదాకా ఆగి, దాన్ని వేలితో ఒత్తి చూశాడు. పక్కవాళ్ళకిచ్చాడు. నల్లపూస చేతులు మారుతూ ఆడవాళ్ళ వైపు వచ్చింది. సెలోవానే దాన్ని తీసుకోలేదు. దుప్పటి నెత్తి మీదికి లాక్కుని, కొండ వైపు తిరిగి కూర్చుంది.

మాన్యకాలో తిట్ల కోసం ఎదురుచూస్తూ నిలబడింది. తిట్లు రాలేదు.

“మొగుడు పోయిన మనిషి. దుఃఖంలో తోచలేదు, ఏం చేస్తుంది,” అన్నాడు మొఖేలే పినతండ్రి కొడుకు.

“అవును, మొగుడి పరువు కాపాడింది. ఆడదంటే అలా ఉండాలి,” అందొక ముసలావిడ.

మొరేనా తల ఊపాడు. సెకాకే ఇంటికొచ్చాక రెండు కుటుంబాలూ కూర్చుని మాట్లాడుకోవాలనీ, లినేయో మీద ఏ తప్పూ లేదనీ చెప్పి లేచాడు. జనం బట్టలు దులుపుకుంటూ కదిలారు.

పులానే గబగబా మాన్యకాలో దగ్గరికొచ్చింది. “పోనీలే పెద్దమ్మా, తేలిపోయింది. స్కూలు మేడం కొత్త ఊలు చిలపలు పంపింది, మీకోసం పక్కన పెట్టాను. ఏది దేనికో మీరే చూసి పెట్టాలి.” తర్వాత లినేయో వైపు తిరిగి, నేల మీది సూదుల మూట తీసి ఆమె చేతికివ్వబోయింది. “నువ్వూ మనసులో పెట్టుకోకమ్మా. సోమవారం నుంచి మామూలుగా వచ్చెయ్.”

లినేయో చేయి చాపలేదు. వీపు మీది బిడ్డని సర్దుకుని, ముడి బిగించింది.

“సూదులు ఉంచుకో పులానే అక్కా. మసేరు పట్నంలో బట్టల ఫ్యాక్టరీలో మా చెల్లెలుంది. రేపటి బస్సుకి నేను వెళ్ళిపోతున్నా,” అంది.